డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ ఏది?

శనివారం రాత్రి పదకొండు దాటాక మా వదిన ఫోన్ చేసింది. వాళ్లది మంగళగిరి. ఇంట్లోంచే నేత చీరలు అమ్ముతుంది. మొదట చుట్టాలకి అమ్మేది, తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేది, ఈమధ్యే సొంత వెబ్‌సైట్ తెరిచింది. "ఏమయ్యా, విశాఖపట్నం నుంచి ఒకావిడ స్క్రీన్‌షాట్ పంపింది. రెండువేల ఎనిమిదొందల యాభై కట్ అయ్యాయంటోంది. ఇక్కడ చూస్తే ఆర్డరే పడలేదు. ఆవిడ అబద్ధం చెబుతోందా, నీ వెబ్‌సైటు అబద్ధం చెబుతోందా?"

'నీ వెబ్‌సైటు' అనడంలో న్యాయం ఉంది. ఏ కార్టు తీసుకోవాలి, డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వే ఏది పెట్టుకోవాలి అని ఆవిడ అడిగినప్పుడు నాలుగు సైట్లు తిరగేసి, కమిషన్లు పోల్చి, చూడముచ్చటగా ఉన్నదాన్ని ఎంచి ఇచ్చింది నేనే. గేట్‌వేని కార్టుకి తగిలించిందీ నేనే.

నిజానికి ఆ రాత్రి ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆవిడ ఖాతాలోంచి డబ్బులు పోయిన మాట నిజం. ఆర్డరు నమోదు కాని మాటా నిజం. రెండు నిజాల మధ్య ఒక కబురు దారి తప్పింది. అది ఎందుకు తప్పుతుందో అర్థమైతే, చిన్న ఆన్‌లైన్ కొట్టుకి కార్టునీ గేట్‌వేనీ దేన్ని చూసి ఎంచుకోవాలో కూడా అర్థమవుతుంది. నేను చూసిన కమిషన్లూ అందమూ మాత్రం కావు.

మతిమరుపు కొట్టాయన

వీధి చివర కిరాణా కొట్టుకెళ్లి "కందిపప్పు కిలో" అంటాం. తూచి పక్కన పెడతాడు. "చింతపండు పావుకిలో" అంటే అదీ పక్కన చేరుతుంది. చివర్లో "ఎంతయిందండీ?" అంటే చాలు. ఇప్పుడు మాటమాటకీ మతిపోయే కొట్టాయన్ని ఊహించుకోండి. చింతపండు అడిగేసరికి ఇందాక పప్పు అడిగింది మీరేనని ఆయనకి గుర్తుండదు. డబ్బులివ్వబోతే "ఎవరండీ మీరు?" అంటాడు.

వెబ్ పునాది అచ్చం ఇలాగే ఉంటుంది. బ్రౌజరు ఒక పేజీ అడుగుతుంది, సర్వరు ఇస్తుంది, అక్కడితో ఇద్దరి పరిచయం తెగిపోతుంది. మరో పేజీ అడిగితే మళ్లీ కొత్త మనిషే. టిమ్ బెర్నర్స్-లీ దీన్ని సెర్న్ పరిశోధన కేంద్రంలో కట్టింది శాస్త్రవేత్తలు పత్రాలు పంచుకోవడానికి. పత్రం చదివి వెళ్లిపోయేవాణ్ణి గుర్తుపెట్టుకుని ఏం చేస్తారు? అవసరంలేని జ్ఞాపకం లేకపోబట్టే ఒక్క సర్వరు అంతమందికి పేజీలు వడ్డించగలిగింది. చిక్కల్లా ఆ పత్రాల గదిలో కొట్టు పెట్టాలనుకున్నప్పుడు వచ్చింది.

దానికి దొరికిన ఉపాయం మనం ప్రతి గుడి ముందూ చూసేదే. చెప్పుల స్టాండులో చెప్పులిస్తే ఒక టోకెను చేతిలో పెడతారు. అక్కడి మనిషికి మీ పేరు అక్కర్లేదు, మొహం గుర్తుండక్కర్లేదు. టోకెను మీద 84 అని ఉంటే 84వ గూట్లోంచి తీసిస్తాడు. మొదటిసారి పేజీ తెరిచినప్పుడు సైటు మీ బ్రౌజరుకి ఇలాంటి టోకెనే ఇస్తుంది. ప్రతి పేజీకీ బ్రౌజరు దాన్ని చూపిస్తూ పోతుంది. సర్వరు ఆ గూట్లో మీరు ఎంచుకున్న చీరల్ని దాచి ఉంచుతుంది. టోకెను పేరు కుకీ, గూటి పేరు షాపింగ్ కార్ట్.

---
బాక్స్: కుకీ పుట్టింది బుట్ట కోసమే

చక్రాలున్న షాపింగ్ కార్టుని 1937లో అమెరికాలోని ఓక్లహామా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ తన సూపర్‌మార్కెట్లలో పెట్టాడు. మొదట్లో ఎవరూ ముట్టుకోలేదు. చివరికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టి, వాళ్లు కార్టులు తోసుకుంటూ కొన్నట్టు నటిస్తే తప్ప జనం కదల్లేదు.

వెబ్ బుట్ట కథ 1994లో మొదలైంది. నెట్‌స్కేప్ కంపెనీ ఎంసీఐ అనే టెలిఫోన్ సంస్థ కోసం ఆన్‌లైన్ కొట్టు తయారుచేస్తోంది. సగం కొని వదిలేసినవాళ్ల లెక్కలన్నీ తమ సర్వర్లలో మోయడానికి ఎంసీఐ ఇష్టపడలేదు. కొనేవాడి బ్రౌజరులోనే ఒక చిన్న గుర్తు దాచి ఉంచితే సరిపోతుందని లూ మాంటులీ అనే ఇంజనీరు ఉపాయం తీశాడు. దానికి కుకీ అని పేరు పెట్టిందీ ఆయనే. ఈనాడు ప్రకటనలవాళ్లు మన వెంట పడడానికి వాడుతున్న సాధనం, మొదట బుట్టలో సరుకు గుర్తుపెట్టుకోవడానికి పుట్టింది.
---

టోకెను ఉన్నచోటే బుట్ట కనిపిస్తుంది. ఇక్కడే విశాఖ ఆవిడ ఇరుక్కుపోయింది. ఆవిడ చీర చూసింది ఇన్‌స్టాగ్రామ్‌లో. లింకు నొక్కితే పేజీ ఇన్‌స్టాగ్రామ్ లోపలి బుల్లి బ్రౌజరులోనే తెరుచుకుంది, టోకెనూ అక్కడే పడింది. డబ్బు కట్టడానికి యూపీఐ యాప్‌లోకి వెళ్లింది, పిన్ను నొక్కింది. తిరిగొచ్చేటప్పుడు ఫోను ఆవిణ్ణి ఇన్‌స్టాగ్రామ్‌లోకి కాకుండా మామూలు బ్రౌజరులోకి తెచ్చి దింపింది. అక్కడ టోకెను లేదు. "మీ కార్టు ఖాళీగా ఉంది" అని కనిపించింది. ఒక గుళ్లో ఇచ్చిన టోకెను ఇంకో గుళ్లో చూపిస్తే చెప్పులెలా వస్తాయి?

అందుకని కార్టు ఎంచుకునేటప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని డెమో చూసి మురిసిపోకండి. మీ కొనుగోలుదారు ఏ దారిన వస్తారో ఆ దారినే, వాట్సాప్ లింకు నుంచో ఇన్‌స్టాగ్రామ్ నుంచో, ఓ మామూలు ఫోన్లో కొని చూడండి.

చీర ఒకటి, కర్చీఫులు రెండు

సబ్బులమ్మేవాళ్లకి లేని బాధ నేతచీరల వాళ్లకి ఉంది. గచ్చకాయ రంగు మీద నిజాం అంచున్న చీర మా వదిన దగ్గర ఒక్కటే ఉంది. విశాఖలో ఒకరూ వరంగల్‌లో ఒకరూ ఒకే నిమిషంలో దాన్ని బుట్టలో వేసుకున్నారనుకోండి. ఎవరిది?

ఆర్టీసీ బస్సులో సీటు ఆపుకోవడానికి కిటికీలోంచి కర్చీఫ్ వేయడం మనకి తెలిసిన విద్యే. కార్టు కూడా అదే చెయ్యాలి. ఎప్పుడు వేయాలన్నదే ప్రశ్న. బుట్టలో పడగానే వేస్తే, ఊరికే చూసి పోయేవాళ్ల కర్చీఫులతో బస్సంతా నిండిపోతుంది, అసలు ప్రయాణికులు నిలబడతారు. డబ్బు అందాకే వేస్తే ఒకే సీటుకి ఇద్దరు టికెట్లు తీసుకుంటారు. మధ్యేమార్గంగా చాలా కార్టులు డబ్బు కట్టడం మొదలుపెట్టాక కొద్దిసేపు సరుకుని ఆపి ఉంచుతాయి. వర్డ్‌ప్రెస్ మీద నడిచే వూకామర్స్‌లో ఈ గడువు మామూలుగా 60 నిమిషాలుంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు.

గడువు ముగిసి, చీర వేరేవాళ్లకి అమ్ముడైపోయాక, మొదటావిడ చెల్లింపు నింపాదిగా వచ్చి "నేనొచ్చాను" అంటే? ఆ శనివారం కూడా కబురు అందక గడువు ముగిసి, చీర వేరేవాళ్లకి అమ్ముడైపోయింది. ఆలస్యంగా వచ్చిన డబ్బుని గుర్తుపట్టి వెనక్కి పంపే ఏర్పాటు కార్టులో ఉందా లేదా అని నేను అడగనే లేదు. అసలు డబ్బు ఎందుకు ఆలస్యమవుతుందో తెలిస్తే కదా అడగడానికి.

రూపాయి చేసే ప్రయాణం

కొట్లో నోటు చేతులు మారడానికి ఒక్క క్షణం. ఆన్‌లైన్‌లో అదే పనికి కనీసం అరడజను యంత్రాలు ఒకదాన్నొకటి పలకరించుకోవాలి.

యూపీఐ సంగతి చూద్దాం. మీరు పిన్ను నొక్కగానే యాప్ ఆ కోరికని తన వెనకున్న బ్యాంకు ద్వారా జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ నడిపే కూడలికి పంపుతుంది. కూడలి మీ బ్యాంకుని పిలిచి "ఈ ఖాతాలో ఇంత తగ్గించు" అంటుంది. మీ బ్యాంకు పిన్ను సరిచూసి, డబ్బు తగ్గించి "అయింది" అంటుంది. అప్పుడు కూడలి అవతలి బ్యాంకుని పిలిచి "ఇంత కలుపు" అంటుంది. ఆ బ్యాంకు "కలిపాను" అన్నాక కబురు మీ యాప్‌కీ, అమ్మేవాళ్ల తరఫున ఉన్న గేట్‌వేకీ వెళుతుంది. గేట్‌వే దాన్ని కొట్టుకి చెప్పాలి. ఇదంతా మామూలుగా కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి ఇన్ని మజిలీలున్నాయని మనకి తోచదు.

కార్డుది ఇంకో దారి. నంబరు గేట్‌వే నుంచి అమ్మేవాళ్ల వైపు బ్యాంకుకి, అక్కణ్ణుంచి వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్కుకి, దాని ద్వారా కార్డిచ్చిన బ్యాంకుకి చేరుతుంది. మధ్యలో ఓటీపీ అడుగుతారు. మన దేశంలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకి ఈ రెండో తాళాన్ని రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. కార్డిచ్చిన బ్యాంకు "సరే" అన్నప్పుడు నిజంగా కదిలేది డబ్బు కాదు, మాట మాత్రమే. లెక్కలు తేల్చుకుని బ్యాంకులు డబ్బు ఇచ్చిపుచ్చుకునేది తర్వాత.

ఏ దారిన వచ్చినా అది నేరుగా మా వదిన ఖాతాలో పడదు. పేమెంట్ అగ్రిగేటర్ అనే మధ్యసంస్థ దాన్ని ఓ బ్యాంకులో ఎస్క్రో ఖాతాలో ఉంచాలని రిజర్వ్ బ్యాంకు 2020లో నిబంధన పెట్టింది. ఆ సొమ్ము ఆ సంస్థ సొంత ఖర్చులకి వాడుకోకూడదు. అక్కణ్ణుంచి మామూలుగా రెండు మూడు పనిదినాల్లో అమ్మేవాళ్ల ఖాతాకి వస్తుంది. దాన్నే సెటిల్‌మెంట్ అంటారు. "సోమవారం అమ్మితే నేతగాడికి మంగళవారం ఎలా ఇవ్వను?" అని మా వదిన అడిగింది. ఇవ్వడం కుదరదు. చేతిలో ఓ వారానికి సరిపడా పెట్టుబడి ఉంచుకుని దిగాలి. ఈ సంగతి కార్టు అమ్మేవాళ్లు ముందుగా చెప్పరు.

వాగుకి అటూ ఇటూ

ఇన్ని మజిలీలున్న దారిలో ఒక్క 'అయింది' అన్న కబురు పోతే చాలు. డబ్బు వెళుతుంది, సమాధానం రాదు. ఈ లోపాన్ని ఇన్నేళ్లైనా ఎందుకు సరిచేయలేదని చాలామంది విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నవాణ్ణే. అయితే ఇది పూర్తిగా సరిచేయడానికి వీల్లేని చిక్కని కంప్యూటర్ శాస్త్రంలో రుజువైంది.

మధ్యలో వాగు పొంగుతోంది. అటు ఊళ్లో పెళ్లికొడుకువాళ్లు, ఇటు ఊళ్లో పెళ్లికూతురువాళ్లు. ఫోన్లు లేవు. ఇరుపక్షాలూ ఒకే రోజున కొండమీద గుడికి చేరాలి. ఒక్కరే వెళ్లి నిలబడితే పరువు పోతుంది. పెళ్లికూతురువాళ్లు ఈతగాణ్ణి పంపి "శుక్రవారం పొద్దున్నే" అని కబురు చేశారు. వాడు వాగు దాటాడో, కొట్టుకుపోయాడో వీళ్లకి తెలీదు. అందుకని సమాధానం వస్తేనే బయల్దేరదామనుకున్నారు. అటువాళ్లకి కబురు అందింది, "సరే" అని తిరిగి పంపారు. ఇప్పుడు వాళ్లకి బెంగ: మన 'సరే' చేరిందా? చేరకపోతే ఇటువాళ్లు బయల్దేరరు కదా! కాబట్టి 'మీ సరే అందింది' అనే కబురు కోసం చూస్తారు. అది పంపాక మళ్లీ వీళ్లకి అదే బెంగ. ఎన్నిసార్లు ఈదినా ఆఖరి కబురు పంపినవాళ్లకి అది చేరిందో లేదో తెలిసే దారే లేదు.

1975లో వచ్చిన ఓ పరిశోధన పత్రంలో ఈ చిక్కు కనిపిస్తుంది. 1978లో డేటాబేసుల పండితుడు జిమ్ గ్రే దీనికి ఇద్దరు సేనానుల కథ కట్టి, ఆ పేరే పెట్టాడు. కబురు పోయే అవకాశమున్న దారి మీద రెండు పక్షాలకీ నూటికి నూరుపాళ్లూ ఒకే నమ్మకం కుదరడం అసాధ్యం. బ్యాంకు ఒక ఒడ్డు, కొట్టు ఇంకో ఒడ్డు.

అలా అని చేతులు ముడుచుకోలేదు ఎవరూ. పెళ్లివాళ్లకి శుక్రవారం దాటితే మళ్లీ శుక్రవారం రాదు. డబ్బుకి ఆ ఇబ్బంది లేదు, రేపైనా లెక్క సరిచూసుకోవచ్చు. అందుకే మంచి వ్యవస్థ ఎప్పుడూ తప్పు జరగదని హామీ ఇవ్వదు. జరిగిన తప్పుని తనే వెతికి పట్టుకుని సరిచేస్తుంది. రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన నియమం కూడా ఈ లెక్కలోదే. ఆన్‌లైన్ కొనుగోలులో ఖాతాలో డబ్బు తగ్గి, అమ్మేవాళ్లకి ధ్రువీకరణ అందకపోతే, ఐదు రోజుల్లోగా దానంతటదే తిరిగి జమ కావాలి. దాటితే రోజుకి వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

విశాఖ ఆవిడకి ఆ రాత్రే ఇది చెప్పించాను. ఆవిడ కొంత కుదుటపడింది. నాకు మాత్రం ఇంకో పురుగు తొలిచింది. గేట్‌వే ఖాతా తెరిచి చూస్తే ఆ 2,850 రూపాయల పక్కన శుభ్రంగా 'చేరింది' అని రాసి ఉంది. అంటే వాగులో కొట్టుకుపోయిన ఈతగాడు బ్యాంకు మనిషి కాదు. గేట్‌వే దాకా వచ్చిన కబురు, అక్కణ్ణుంచి మా కొట్టుకి రాలేదు. అమ్మేవాళ్లకి కబురు అందినట్టే లెక్క కాబట్టి, ఐదు రోజుల నియమం కూడా మమ్మల్ని కాపాడదు. రీఫండ్ మేమే నొక్కాలి.

సౌండ్‌బాక్స్ మాటే మాట

టీ కొట్టు దగ్గర నిలబడి గమనించండి. కుర్రాడు ఫోన్ ఎత్తి పచ్చటి టిక్కు చూపిస్తాడు. కొట్టాయన ఆ ఫోను వైపు కూడా చూడడు. పక్కనున్న డబ్బా "పదిహేను రూపాయలు అందాయి" అన్నాకే గ్లాసు జరుపుతాడు. నకిలీ టిక్కులు చూపించే యాప్‌లు ఉన్నాయని ఆయనకి తెలుసు. ఒకవేళ కుర్రాడు టిక్కు చూపించడం మర్చిపోయి నడిచి వెళ్లిపోయినా, డబ్బా మాత్రం చెప్పాల్సింది చెబుతుంది.

ఆన్‌లైన్ కొట్టుకీ ఈ రెండు దారులే ఉన్నాయి. డబ్బు కట్టాక కొనేవాళ్ల బ్రౌజరు తిరిగి మన సైటుకి వచ్చి "కట్టేశాను" అనడం ఒకటి. అది ఫోను చూపించడం లాంటిది. మధ్యలో సిగ్నల్ పోయినా, ఛార్జింగ్ అయిపోయినా, వేరే బ్రౌజరులో తేలినా ఆ కబురు పోతుంది. రెండోది, కొనేవాళ్లతో నిమిత్తం లేకుండా గేట్‌వే సర్వరు తిన్నగా మన కార్టు సర్వరుకి కబురు చెయ్యడం. దీన్ని వెబ్‌హుక్ అంటారు. ఇది మన సౌండ్‌బాక్స్. ఒకసారి అందకపోతే మంచి గేట్‌వేలు కాసేపాగి మళ్లీ మళ్లీ పంపుతాయి.

నేను చేసిన తప్పు ఇక్కడుంది. గేట్‌వే సెట్టింగుల్లో వెబ్‌హుక్ చిరునామా రాయాల్సిన గడి ఖాళీగా వదిలేశాను. అది ఖాళీగా ఉన్నా వందకి తొంభైపాళ్లు అంతా బాగానే నడుస్తుంది, అందుకే ఎవరికీ తెలీదు. డబ్బా కొనకుండా కస్టమర్ల ఫోన్లే చూసుకుంటూ టీ కొట్టు నడిపినట్టు మా వదిన రెండు నెలలు నడిపింది.

మళ్లీ మళ్లీ పంపే కబురుతో ఇంకో గొడవుంది. ఒకే చెల్లింపు గురించి మూడుసార్లు చెబితే మూడు చీరలు పంపేస్తే? పెళ్లిలో చదివింపులు రాసే మనిషి దీనికి ఎప్పుడో ఉపాయం కనిపెట్టాడు. కవరు మీద వరస నంబరు వేస్తాడు. ఎవరైనా వచ్చి "మా బావగారిది రాశారా?" అంటే నంబరు చూసి "రాశాను" అంటాడు తప్ప ఇంకో వరస రాయడు. కార్టు కూడా ప్రతి ఆర్డరుకీ ఒకే నంబరు కట్టి, ఆ నంబరు మీద కబురు ఎన్నిసార్లొచ్చినా ఒక్కసారే లెక్కలో వేసుకోవాలి. కొనేవాళ్లు కంగారుపడి 'పే' మీట రెండుసార్లు నొక్కినా కాపాడేది ఇదే.

ఇక వచ్చిన కబురు గేట్‌వేదేనని నమ్మకమేంటి? వెబ్‌హుక్ చిరునామా తెలిసిన ఏ దొంగైనా "ఈ ఆర్డరుకి డబ్బు అందింది" అని పంపవచ్చు. పూర్వం ఉత్తరాలకి లక్క ముద్ర వేసేవాళ్లు. గేట్‌వే కూడా తనకీ మనకీ మాత్రమే తెలిసిన రహస్య పదంతో కబురు మీద ఒక ముద్ర వేసి పంపుతుంది. కబురులో ఒక్క అంకె మారినా ముద్ర సరిపోదు. తొలినాళ్ల కార్టులు కొన్ని సరుకు ధరని బ్రౌజరు పేజీలోనే దాచేవి. తెలివిగల కొనుగోలుదారు దాన్ని దిద్దుకుని నామమాత్రపు ధరకి పట్టుకుపోయేవాడు. కొనేవాళ్ల చేతికి అందేచోట ధర ఉంచకూడదు, ముద్ర చూడకుండా కబురు నమ్మకూడదు. ఈ రెండూ మీ కార్టు చేస్తోందా అని తయారుచేసినవాణ్ణి అడగండి. నీళ్లు నమిలితే ఆ కార్టు వద్దు.

---
బాక్స్: రూపాయల్లో కాదు, పైసల్లో

రేజర్‌పే అనే గేట్‌వేలో 499 రూపాయల ఆర్డరు పంపాలంటే కార్టు 49900 అని రాయాలి. లెక్కంతా పైసల్లో నడుస్తుంది. కారణం కంప్యూటరు లెక్కపెట్టే తీరు. మనకి మూడోవంతు అంటే 0.3333 అంటూ తెగని అంకె. సున్నా, ఒకటి తప్ప తెలియని కంప్యూటరుకి పదోవంతు కూడా అలా తెగనిదే. అందుకే చాలా కంప్యూటర్ భాషల్లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. ఒక్క బిల్లులో ఇది కనపడదు. పన్నులూ తగ్గింపులూ కలిసిన వేల బిల్లుల్లో ఎక్కడో ఒక పైసా తేడా వచ్చి, ఆ ఆర్డరు 'సరిపోలేదు' అని ఆగిపోతుంది. పైసల్లో రాస్తే చుక్కే ఉండదు, తగాదా ఉండదు.
---

అద్దె కొట్టా, సొంత కొట్టా

కార్టులు చాలానే ఉన్నా జాతులు మాత్రం రెండే. షాపిఫై లాంటివి అద్దె కొట్లు. 2004లో కెనడాలో మంచు మీద జారే పలకలు అమ్ముకుందామని సైటు పెట్టినవాళ్లు, దొరికిన కార్టులు నచ్చక సొంతంగా రాసుకున్నదే 2006లో షాపిఫై అయింది. నెలనెలా అద్దె కడితే తాళాలు, కాపలా, మరమ్మతులు వాళ్లవే. వూకామర్స్, ఓపెన్‌కార్ట్ లాంటివి సొంత కొట్లు. సాఫ్ట్‌వేర్ ఉచితం, సర్వరు ఖర్చు మనది, వాన కురిస్తే కప్పు చూసుకోవాల్సిందీ మనమే. 'ఉచితం' అన్న మాటకి పడిపోయి సొంత కొట్టు కట్టి, ఆ తర్వాత ఏడాదిపాటు అప్‌డేట్లు చేయనివాళ్ల కొట్లు దొంగలకి తెరిచిన తలుపులు.

మా వదిన లాంటివాళ్లకి నెలకి ముప్ఫై నలభై ఆర్డర్లుంటే కార్టే అక్కర్లేదని ఇప్పుడు నా అభిప్రాయం. గేట్‌వేలు ఇచ్చే పేమెంట్ లింకుని వాట్సాప్‌లో పంపితే చాలు. స్టాకు ఆవిడ బీరువాలో ఉంది, లెక్క ఆవిడ బుర్రలో ఉంది, రెండూ పక్కాగా ఉన్నాయి. రోజుకి పదీపదిహేను దాటి, ఏ చీర ఎవరికి చెప్పామో గందరగోళమైనప్పుడు అద్దె కొట్టు. ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ మనిషి, అదీ ఫోనెత్తే మనిషి, ఉంటేనే సొంత కొట్టు.

ఏ కొట్టైనా ఒక్క విషయంలో బేరం లేదు. కార్డు నంబరు మీ పేజీలో టైపు చేయించకండి. గేట్‌వే సొంత పేజీలోనే ఆ పని జరగాలి. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులోకి దొంగలు చొరబడి పాతిక వరుసలైనా లేని ఒక కోడ్ ముక్క ఇరికించారు. కొనేవాళ్లు టైపు చేసిన కార్డు వివరాలన్నీ విమాన సంస్థతో పాటు దొంగలకీ చేరాయి. నాలుగు లక్షల మందికి పైగా వివరాలు బయటపడ్డాయి, 2020లో రెండు కోట్ల పౌండ్ల జరిమానా పడింది. అంత పెద్ద సంస్థే కాచుకోలేనిదాన్ని మనం కాచుకోగలమా? మన దేశంలోనైతే 2022 అక్టోబరు 1 నుంచి కార్డిచ్చిన బ్యాంకు, కార్డు నెట్‌వర్కు తప్ప ఇంకెవరూ కార్డు నంబరు దాచుకోకూడదు. దాని బదులు టోకెను వాడతారు. మళ్లీ చెప్పుల స్టాండే.

కమిషన్ లెక్క

గేట్‌వే రెండు శాతం తీసుకుంటుందనుకుందాం. 2,850 రూపాయల చీర మీద 57 రూపాయలు. ఆ 57 మీద 18 శాతం జీఎస్టీ, అంటే 10 రూపాయల 26 పైసలు. మొత్తం 67 రూపాయల 26 పైసలు పోయి మీ చేతికి 2,782 రూపాయల 74 పైసలు వస్తాయి.

బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్టే యూపీఐ మీదా, రూపే డెబిట్ కార్డు మీదా ఎండీఆర్ అనే వ్యాపారి రుసుము 2020 జనవరి 1 నుంచి సున్నా. యూపీఐకి క్రెడిట్ కార్డు తగిలించి కడితే లెక్క వేరు. గేట్‌వే తన సేవకి వేరే పేరుతో ఎంతోకొంత తీసుకోవచ్చు కూడా. కాబట్టి "మీ రేటెంత?" అని ఒక్క ముక్కలో అడక్కండి. యూపీఐకి ఎంత, డెబిట్ కార్డుకి ఎంత, క్రెడిట్ కార్డుకి ఎంత, రీఫండ్ చేస్తే మొదట తీసుకున్నది తిరిగిస్తారా, ఇలా విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకోండి. పావు శాతం కోసం వారం రోజులు పోల్చిచూసిన నాకు ఒక్క తప్పిన ఆర్డరు, ఒక రీఫండ్, విశాఖ ఆవిడకి క్షమాపణగా పంపిన జాకెట్టు గుడ్డ, దాని కొరియరు కలిపి ఆ మిగులంతా మింగేశాయి.

క్యాష్ ఆన్ డెలివరీ పెడితే ఈ గొడవలేవీ ఉండవు కదా అంటారు. తలుపు దగ్గర "వద్దు" అంటే రానూపోనూ కొరియరు ఖర్చు మీదే.

విదేశాల్లోని మనవాళ్లకి అమ్మాలంటే మరో జాగ్రత్త కావాలి. డాలస్‌లో ఇచ్చిన కార్డుకి మన ఓటీపీ నియమం వర్తించదు. నెలా రెండు నెలల తర్వాత కార్డు యజమాని "ఇది నేను కొనలేదు" అని తన బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే డబ్బు మీ దగ్గర్నుంచి వెనక్కి లాగుతారు. దీని పేరు చార్జ్‌బ్యాక్. కొరియరు రసీదు, అందినట్టు సంతకం చూపించలేకపోతే చీరా పోతుంది, డబ్బూ పోతుంది. ఆ రసీదుల్ని కనీసం ఆరు నెలలు దాచండి.

ఒక రూపాయి పరీక్ష

ఆదివారం పొద్దున కూర్చుని వెబ్‌హుక్ గడి నింపాను. ముద్ర సరిచూసే రహస్య పదం పెట్టాను. తర్వాత మా వదిన చేత సైటులో ఒక రూపాయి ధరకి 'పరీక్ష' అనే సరుకు పెట్టించాను. ఆవిడ తన ఫోన్లో, ఇన్‌స్టాగ్రామ్ లింకు నుంచే వెళ్లి, యూపీఐ పిన్ను నొక్కింది. యాప్‌లో టిక్కు రాగానే సైటుకి తిరిగి రానివ్వకుండా ఫోన్ స్విచ్ఛాఫ్ చేయించాను. కంప్యూటరు ముందు ఇద్దరం కూర్చున్నాం. నిమిషం లోపే ఆర్డర్ల జాబితాలో కొత్త వరస పడింది, 'డబ్బు అందింది' అన్న గుర్తుతో. "ఫోను ఆపేసి ఉంది కదయ్యా, ఎవరు చెప్పారు దీనికి?" అంది వదిన.

మీరు కొట్టు తెరిచే ముందు ఈ పరీక్ష మీరే చేసుకోండి. ఫోను ఆపేశాక పది నిమిషాల్లో ఆర్డరు పడకపోతే, ఆ కార్టు ఎంత అందంగా ఉన్నా, ఆ గేట్‌వే ఎంత చవగ్గా ఉన్నా, లింకు ఎవరికీ పంపకండి.